ఓమ్నీ, ఈకో వ్యాన్లకి సీక్రెట్ స్విచ్: ఆఫ్ చేయడం మర్చిపోయినా పనిచేసే పద్ధతి

దొంగలు ఎత్తుకుపోకుండా వ్యాన్‌కి సీక్రెట్ స్విచ్ పెట్టించాం అనేవాళ్ల బండి ఎక్కి చూస్తే దాదాపు అందరిదీ ఒకటే కథ. ఇగ్నిషన్ వైర్ ఒకటి మధ్యలో కోసేసి స్టీరింగ్ కింద చిన్న ఆన్ ఆఫ్ స్విచ్ బిగించి ఉంటుంది, కొత్తలో బండి దిగినప్పుడల్లా గుర్తుపెట్టుకుని ఆఫ్ చేస్తారు, తర్వాత ఒకరోజు వానొచ్చి పరిగెడతారు, ఇంకోరోజు ఫోన్ మాట్లాడుతూ దిగిపోతారు, నెల తిరిగేసరికి ఆ స్విచ్ ఎప్పుడు చూసినా ఆన్‌లోనే ఉంటుంది. పైగా నడుస్తున్న బండిలో మోకాలు తగిలి అది ఆఫ్ అయిందంటే ఫ్లైఓవర్ మీద ఇంజన్ ఆగిపోతుంది. దొంగకి అడ్డం లేదు గానీ మనకి మాత్రం గండం.

అందుకే ఇక్కడ వేరే పద్ధతి చెప్తున్నా. సెల్ఫ్ లైన్‌లో, అంటే తాళం నుంచి సెల్ఫ్ మోటర్‌కి పోయే వైరులో, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) పెట్టి, ఆన్ ఆఫ్ స్విచ్ బదులు నొక్కి పట్టుకునే బటన్ పెట్టాలి, అంటే కాలింగ్ బెల్ బటన్ లాంటిది, వేలు తీస్తే కట్ అయిపోయేది. బటన్ నొక్కి ఉంచి తాళం తిప్పితేనే సెల్ఫ్ కొడుతుంది, స్టార్ట్ అయ్యాక వదిలేయొచ్చు, ఇంజన్ మామూలుగా నడుస్తుంది. బండి ఆపారంటే మళ్ళీ బటన్ లేకుండా స్టార్ట్ అవ్వదు. ఆఫ్ చేయడం అనే పనే లేదు కాబట్టి మర్చిపోవడమూ లేదు.

చెప్పేదంతా ముఖ్యంగా మారుతి ఓమ్నీ, ఈకోలకి. ఓమ్నీ 1984లో మారుతి వ్యాన్ పేరుతో వచ్చి 2019లో ఆగిపోయింది, కానీ ఇప్పటికీ కూరగాయల మార్కెట్‌కి, టెంట్ హౌస్‌కి, క్యాటరింగ్‌కి, వాటర్ క్యాన్లకి ఊరూరా తిరుగుతూనే ఉంది. పాత ఓమ్నీల్లో తాళం అరిగిపోయి ఏ కీ పెట్టినా తిరిగే బళ్ళు కూడా ఉంటాయి, డోర్ సంగతి చెప్పక్కర్లేదు. 2010లో వచ్చిన ఈకోల్లో పాత వాటికి ఇది బాగా పనికొస్తుంది. కొత్త ఈకోలకి కంపెనీ నుంచే ఇమ్మొబిలైజర్ (సరైన కీ లేకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఎలక్ట్రానిక్ లాక్) వస్తుంది, అది ఉన్న బండికి, అందులోనూ వారంటీలో ఉన్నదానికి, వైరింగ్ కోసి కొత్త తలనొప్పి తెచ్చుకోకండి, స్టీరింగ్ లాకో గేర్ లాకో కొనుక్కోండి చాలు. ఎలక్ట్రిక్ వ్యాన్ అయితే అసలు చేయి పెట్టొద్దు, ఆరెంజ్ రంగు కేబుళ్లలో ఉండేది ప్రాణం తీసే వోల్టేజ్.

సెల్ఫ్ లైనే ఎందుకు అంటే, బండి ఆపడానికి మామూలుగా మూడు చోట్ల కట్ చేస్తారు, ఇగ్నిషన్, పెట్రోల్ పంపు, సెల్ఫ్. మొదటి రెండూ ఇంజన్ నడుస్తున్నంతసేపూ కరెంటు పోవాల్సిన లైన్లు, అక్కడ మనం పెట్టిన జాయింట్ లూజైనా, రిలే పాడైనా రోడ్డు మధ్యలో ఇంజన్ ఆగుతుంది, ఆగితే బ్రేక్ తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ పోతుంది, రెండు మూడు సార్లు తొక్కాక పెడల్ రాయిలా గట్టిపడుతుంది. లోడుతో ఉన్న వ్యాన్‌కి అది చిన్న విషయం కాదు. సెల్ఫ్ లైన్‌కి ఆ గొడవ లేదు, స్టార్ట్ అయ్యేదాకే దాని పని, మన జాయింట్ మొత్తం ఊడిపోయినా నడిచే బండి నడుస్తూనే ఉంటుంది, తర్వాత స్టార్ట్ అవ్వదు అంతే. పెట్రోల్ పంపు కట్ చేస్తే ఇంకో తమాషా ఉంది, ఎంపీఎఫ్ఐ బళ్ళలో, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే వాటిలో, పైపులో ప్రెషర్ కాసేపు మిగిలి ఉంటుంది కాబట్టి బండి స్టార్ట్ అయి కొంచెం దూరం వెళ్లి ఆగుతుంది, దొంగ పారిపోతాడు సరే, మీ వ్యాన్ మాత్రం అర్ధరాత్రి రోడ్డుకి అడ్డంగా లైట్లు లేకుండా నిలబడి ఉంటుంది.

సెల్ఫ్ కట్‌కి ఒక లోపం ఉంది, ముందే చెప్పేస్తున్నా, తోసి స్టార్ట్ చేయొచ్చు. ఓమ్నీ బరువు ఎనిమిది వందల కిలోల లోపే, ఇద్దరు తోసి సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలితే అందుకుంటుంది. కాకపోతే తాళం తిప్పితే లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, సెల్ఫ్ మాత్రం టక్ మని కూడా అనట్లేదు అంటే ఎవరికైనా ముందు తట్టేది సెల్ఫ్ మోటర్ పోయిందనే. దొంగ కంగారులో ఉంటాడు, నడిరోడ్డు మీద బండి తోస్తూ నలుగురి కళ్ళల్లో పడాలని ఎవడూ అనుకోడు. అయినా ఈ లోపం పూడ్చాలంటే గేర్ లాక్ ఒకటి వేసుకోండి, లేదా రాత్రిపూట ముందు టైరు గోడకి ఆనించి పెట్టండి, ఏటవాలు రోడ్డు మీద మాత్రం పెట్టకండి.

ఇక సామాన్లు. 12 వోల్ట్ 40 ఆంప్ ఆటో రిలే ఒకటి, దాని సాకెట్, నొక్కుడు బటన్, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు రెండు మీటర్లు, సన్న వైరు 0.75ది నాలుగైదు మీటర్లు, లగ్గులు (వైరు చివర బిగించే మొనలు), బట్ కనెక్టర్లు (రెండు వైర్ల కొనల్ని కలిపేవి), హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని జాయింట్‌ని కప్పే గొట్టం), ఒక 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది), గుడ్డ టేపు. విజయవాడ వాళ్లకి ఆటోనగర్‌లో, హైదరాబాద్ వాళ్లకి రాణిగంజ్ దగ్గర రిలేలు దొరుకుతాయి, బటన్, డయోడ్ లాంటి చిల్లర సామానుకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. రిలే మాత్రం పేరున్న కంపెనీది తీసుకోండి, చవక రిలే లోపల కాంటాక్ట్ చిన్నగా ఉంటుంది, పైన 40 ఆంప్ అని రాసున్నా త్వరగా కాలిపోతుంది. వైర్లు అన్నీ నల్లవే కొనండి. ఇది ముఖ్యం, షాపువాడు ఎర్రది, నీలంది ఇస్తాడు, పాత దుమ్ము పట్టిన వైరింగ్ కిట్ (వైర్ల కట్ట) మధ్యలో మెరిసే ఎర్ర వైరు కనపడితే టార్చ్ వేసిన దొంగకి అడ్రస్ ఇచ్చినట్టే.

చేతిలో మల్టీమీటర్ గానీ టెస్ట్ లైటు గానీ, కనెక్టర్లు నొక్కి బిగించే మంచి క్రింపింగ్ ప్లయర్ ఉండాలి. పళ్ళతో వైరు ఒలిచి మెలేసి టేపు చుట్టే అలవాటు ఉన్నవాళ్లు ఈ పని ఆటో ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వండి, దగ్గరుండి చేయించుకోండి.

ముందుగా సెల్ఫ్ వైరు పట్టుకోవాలి. గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్ స్క్రూలు తీస్తే ఇగ్నిషన్ స్విచ్ నుంచి నాలుగైదు లావు వైర్లు ఒక కనెక్టర్‌లోకి దిగుతూ కనిపిస్తాయి. టెస్ట్ లైటు క్లిప్పు బాడీ ఎర్త్‌కి, అంటే బండి ఇనుప బాడీకి పెట్టి, పిన్ను ఒక్కో వైరు మీద కనెక్టర్ వెనక నుంచి ఆనించి చూడండి, వైరు తోలు పొడవకండి, వానాకాలంలో ఆ బెజ్జంలోంచే తుప్పు మొదలవుతుంది. తాళం తీసేసినా వెలిగేది బ్యాటరీ డైరెక్ట్, తాళం ఆన్‌లో పెడితే వెలిగేది ఇగ్నిషన్. ఆన్‌లో ఉన్నా వెలగకుండా, సెల్ఫ్ కొట్టిన క్షణం మాత్రమే వెలిగి తాళం వెనక్కి రాగానే ఆరిపోయేది ఒకటి ఉంటుంది, మనకి కావాల్సింది అదే. రంగు చూసి నిర్ణయించుకోవద్దు, పాత బండికి ఎంతమంది ఎలక్ట్రీషియన్లు ఎన్ని రంగులు అతికించారో ఎవరికి తెలుసు. రెండుసార్లు చెక్ చేసుకుని ఆ వైరుకి టేపు ముక్క గుర్తు పెట్టండి. పసుపు గొట్టంలో పోయే వైర్లు, పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిమీద టెస్ట్ లైటు కూడా పెట్టకూడదు. సీఎన్‌జీ బండి అయితే ఆ కిట్ వైర్ల జోలికీ వెళ్లొద్దు, మన పనికి వాటితో సంబంధం లేదు.

ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ పీకేయండి, అది పీకకుండా కట్టర్ చేతిలోకి తీసుకోవద్దు. రేడియో సెట్టింగులు పోతే పోతాయి.

రిలే కింద నంబర్లు రాసి ఉంటాయి, 30, 87, 85, 86, అయిదు కాళ్లదైతే మధ్యలో 87ఏ కూడా ఉంటుంది. 85, 86 మధ్య కాయిల్, దానికి కరెంటు అందితే 30, 87 కలుస్తాయి. 87ఏ మనకి అక్కర్లేదు, దాన్ని వాడితే అంతా తిరగబడుతుంది, కాయిల్‌కి కరెంటు లేనప్పుడు అది కలిసి ఉంటుంది, అంటే వైరు ఊడితే బండి ఫ్రీగా స్టార్ట్ అయిపోతుంది. 87 వాడితే ఏది ఊడినా బండి స్టార్ట్ అవ్వదు, తాళానికి ఉండాల్సిన గుణం అదే.

సెల్ఫ్ వైరు మధ్యలో కోయండి, కనెక్టర్‌కి మరీ దగ్గర కాకుండా ఓ నాలుగు వేళ్లు వదిలి. తాళం వైపు ఉన్న ముక్క 30కి, సెల్ఫ్ మోటర్ వైపు పోయే ముక్క 87కి, ఈ రెండూ 2.5 వైరుతో. తర్వాత అదే తాళం వైపు ముక్క నుంచి ఒక సన్న వైరు 86కి ఇవ్వండి. 85 నుంచి ఇంకో సన్న వైరు బటన్ దాకా, బటన్ రెండో కాలు నుంచి బాడీ ఎర్త్‌కి. అయిపోయింది, సర్క్యూట్ మొత్తం ఇంతే.

ఇందులో అసలు విశేషం బటన్‌ని ఎర్త్ వైపు పెట్టడం. బటన్ దాకా దాచుకుంటూ తీసుకెళ్లే ఆ పొడుగు వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలిందనుకోండి, మంట రాదు, ఫ్యూజ్ పోదు, జరిగేదల్లా బటన్ నొక్కకుండానే బండి స్టార్ట్ అవుతుంది. ఎలుక కొరికి తెంపితే స్టార్ట్ అవ్వదు. అదే చాలామంది చేసినట్టు సెల్ఫ్ కరెంటునే స్విచ్ దాకా లాగి వెనక్కి తెస్తే లావు వైరు రెండు వరసలు బండంతా తిరుగుతుంది, ఎక్కడ తెగి బాడీకి తగిలినా నిప్పురవ్వలే. ఈ పద్ధతిలో బటన్ గుండా పోయేది రిలే కాయిల్ కరెంటు మాత్రమే, 12 వోల్ట్ మీద సుమారు 150 మిల్లీ ఆంప్‌లు, అదీ సెల్ఫ్ కొట్టే రెండు మూడు సెకన్లు. కాబట్టి ఎంత చిన్న బటన్ అయినా సరిపోతుంది, బండి ఎన్ని రోజులు ఆగి ఉన్నా బ్యాటరీ తాగదు. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజ్ పడిపోతుంది కదా రిలే వదిలేయదా అని అడుగుతారు, వదలదు, తాళం తిప్పిన క్షణం ఇంకా ఫుల్ వోల్టేజే ఉంటుంది, అప్పుడే రిలే పట్టేస్తుంది, ఒకసారి పట్టాక నిలబడటానికి తక్కువ వోల్టేజ్ చాలు. టకటకమని కొట్టుకుంటోందంటే రిలే తప్పు కాదు, బ్యాటరీ చివరి దశలో ఉందని అర్థం.

డయోడ్ సంగతి. రిలే వదిలేటప్పుడు కాయిల్ నుంచి వోల్టేజ్ ఎగదన్ని బటన్ కాంటాక్ట్‌ని కొద్దికొద్దిగా కాలుస్తుంది, దాన్ని మింగడానికి 85, 86 మధ్య డయోడ్ పెట్టాలి, తెల్ల గీత ఉన్న వైపు 86కి. తిరగేసి పెడితే బటన్ నొక్కగానే షార్ట్, అందుకని ఒకటికి రెండుసార్లు చూడండి. అంత నమ్మకం లేకపోతే లోపలే డయోడ్ ఉన్న రిలే అడగండి, దానికి 86 ప్లస్, 85 మైనస్ తప్పకూడదు.

జాయింట్లన్నీ బట్ కనెక్టర్ పెట్టి నొక్కి, లాగి చూసి, పైన స్లీవ్ ఎక్కించండి. వైరు కోయకుండా పక్కనుంచి గుచ్చే నీలం రంగు ట్యాప్ కనెక్టర్లు అమ్ముతారు, పని సులువే గానీ లోపల బ్లేడు రాగి తీగల్ని సగం కోస్తుంది, తేమకి పచ్చబడుతుంది, వద్దు. సోల్డర్ కూడా ఇక్కడ అంత మంచిది కాదు, అతికిన చోట వైరు పుల్లలా బిగుసుకుపోతుంది, వ్యాన్ అదురుకి సరిగ్గా దాని అంచు దగ్గరే తెగుతుంది. ఎర్త్‌కి రంగు గీకి కింద ఇనుము కనిపించే బోల్టు చూసుకోండి, పెయింట్ మీద బిగిస్తే ఒకరోజు పనిచేస్తుంది ఒకరోజు చేయదు.

రిలే ఎక్కడ పెట్టాలి అంటే డ్యాష్‌బోర్డ్ లోపల పైకి, కాళ్లు కిందికి ఉండేలా, నీళ్లు లోపల నిలవకుండా. ఓమ్నీ, ఈకోల్లో ఇంజన్ ముందు సీట్ల కిందే కాబట్టి సీటు కింద పెడదాం అనే ఆలోచన మానుకోండి, అక్కడ వేడి, సర్వీసింగ్‌లో నీళ్లు, మెకానిక్ సీటు ఎత్తిన ప్రతిసారీ చేయి తగలడం, అన్నీ ఉంటాయి. రిలేకి టేపు చుట్టి పాత వైరింగ్ కిట్‌తో కలిపి కట్టేయండి, అది కంపెనీ వైరింగ్‌లో భాగం అనిపించాలి.

బటన్ దాచే చోటు మీ బుర్రకే వదిలేయాలి, నేను ఒక చోటు చెప్తే అందరూ అక్కడే పెడతారు. కాకపోతే లెక్క ఒకటి ఉంది. స్టార్ట్ చేసేటప్పుడు కుడిచేయి తాళం మీద, ఎడమ కాలు క్లచ్ మీద ఉంటాయి, ఖాళీగా ఉండేది ఎడమచేయి. కాబట్టి సీటు బెల్టు పెట్టుకుని మామూలుగా కూర్చుని, ఎడమచేయి వదులుగా ఎక్కడెక్కడ పడుతుందో చూడండి, వంగకుండా, మెడ తిప్పకుండా అందాలి. పక్కన వాచ్‌మన్ నిలబడి చూస్తున్నా మీరు ఏదో నొక్కారని తెలియకూడదు. స్టీరింగ్ కింద, ఫ్యూజ్ బాక్స్ పక్కన, గ్లవ్ బాక్స్‌లో, హ్యాండ్ బ్రేక్ బూట్ కింద పెట్టొద్దు, ఎవరైనా ముందు తడిమేది అవే. సరుకు ఒరిగే చోట, పిల్లలు కాళ్లు పెట్టే చోట కూడా వద్దు.

నాకు బాగా నచ్చేది బటనే కనపడని రకం. ఇళ్లల్లో తలుపులకి అలారం కోసం పెట్టే మాగ్నెటిక్ సెన్సర్ ఉంటుంది చూడండి, అందులో వైరు ఉన్న సగం, అంటే రీడ్ స్విచ్, ప్లాస్టిక్ ప్యానల్ వెనక వైపు అతికించేయండి, అయస్కాంతం ఉన్న సగం మీ కీ చెయిన్‌లో బిళ్లలాగో, అగ్గిపెట్టె సైజు దేవుడి బొమ్మ వెనకో పెట్టుకోండి. ఆ బొమ్మ ప్యానల్ మీద సరైన చోట ఆనిస్తేనే సెల్ఫ్ కొడుతుంది. బయట బెజ్జం లేదు, బటన్ లేదు, వెతకడానికి ఏమీ లేదు. దగ్గర పెడితే కలిసే రకం తీసుకోండి, దూరం పెడితే కలిసే రకం కూడా అమ్ముతారు, కొనేముందు మల్టీమీటర్‌తో చూసుకుంటే సరి. రేకు వెనక పనిచేయదు, ప్లాస్టిక్ వెనకే పెట్టాలి. ఇది వాడితే డయోడ్ తప్పనిసరి, రీడ్ స్విచ్ కాంటాక్ట్ చాలా సున్నితం, డయోడ్ లేకపోతే అతుక్కుపోతుంది.

అంతా బిగించాక నెగటివ్ టెర్మినల్ పెట్టి, న్యూట్రల్‌లోనే, ముందు బటన్ నొక్కకుండా తాళం తిప్పండి, చప్పుడు రాకూడదు. నొక్కి తిప్పండి, కొట్టాలి. స్టార్ట్ అయ్యాక బటన్ పది పదిహేను సార్లు నొక్కి వదలండి, ఇంజన్‌లో ఏ మార్పూ రాకూడదు, వచ్చిందంటే కోసింది సెల్ఫ్ వైరు కాదు, వెంటనే ఆపి మళ్ళీ మొదటి నుంచి చూడండి. హెడ్‌లైట్లు, వైపర్, హారన్, ఇండికేటర్లు అన్నీ ఒకసారి వేసి చూసి, స్పీడ్ బ్రేకర్లున్న రోడ్డు మీద ఒక రౌండు కొట్టుకొచ్చి మళ్ళీ చూసి, అప్పుడు కవర్ స్క్రూలు బిగించండి.

సర్వీస్ రోజుకి ముందే ఏర్పాటు ఉండాలి. మెకానిక్‌కి బటన్ చూపించడం ఎందుకు, 85 నుంచి బటన్‌కి పోయే వైరు మధ్యలో డ్యాష్ లోపల ఒక పాయ తీసి చివర బుల్లెట్ కనెక్టర్ (గుచ్చి పీకే చిన్న జాయింట్) పెట్టుకోండి, దాని జత ఎర్త్‌కి కట్టి పెట్టండి. సర్వీస్‌కి ఇచ్చేరోజు రెండూ గుచ్చితే మామూలు బండిలా స్టార్ట్ అవుతుంది, తెచ్చుకున్నాక పీకేయడం ఒక్కటి మాత్రం మర్చిపోకూడదు. విడిగా ఉన్నప్పుడు ఆ రెండు కొనలకీ క్యాప్ ఉండాలి, లేకపోతే ఊగి ఒకదానికొకటి తగులుతాయి. ఇంట్లో ఒకరికి, డ్రైవర్ ఉంటే డ్రైవర్‌కి చెప్పక తప్పదు. డ్రైవర్ మానేస్తే బటన్ చోటు మార్చండి, సన్న వైరు ఒక్కటే కాబట్టి గంట పని. ఎప్పుడైనా బండి మొండికేస్తే మీరే కంగారుపడి సెల్ఫ్ మోటర్ విప్పించకుండా ముందు ఆ బుల్లెట్ గుచ్చి చూడండి, స్టార్ట్ అయితే బటనో ఎర్తో పోయినట్టు.

డీజిల్ బళ్లకి, అంటే టాటా ఏస్, బొలెరో పికప్ లాంటి వాటికి కూడా తాళంతో సెల్ఫ్ కొట్టే రకం అయితే ఇదే పద్ధతి పనిచేస్తుంది. డీజిల్‌కి కంప్రెషన్ ఎక్కువ కాబట్టి తోసి స్టార్ట్ చేయడమూ కష్టమే, లోడు ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఈకో వాళ్లకి ఇంకో మాట, ఈ స్విచ్ ఏదీ సైలెన్సర్ దొంగల్ని ఆపదు. సైలెన్సర్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, దానికోసమే ఈకో సైలెన్సర్లు విప్పుకుపోయిన కేసులు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. బోల్టు తలలు వెల్డింగ్ టచ్ చేయించడమో, కింద గ్రిల్ కట్టించడమో చేసుకోండి, వెల్డింగ్ ముందు మాత్రం బ్యాటరీ పీకించండి.

ఇన్సూరెన్స్ విషయానికొస్తే, ఏఆర్ఏఐ (బళ్లని, పరికరాల్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరానికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మన బండి నష్టానికి కట్టే భాగంలో) 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గింపు ఉంది, మనం చేసుకున్న స్విచ్‌కి అది రాదు. తగ్గింపు రాకపోయినా పర్లేదు, వైరింగ్ పని మాత్రం నీట్‌గా ఉండాలి, రేపు బండిలో ఏ కారణంతో మంట వచ్చినా సర్వేయర్ ముందు చూసేది బయట నుంచి కలిపిన వైర్లనే. బండి నిజంగానే పోతే ముందు 112కి ఫోన్, తర్వాత ఎఫ్ఐఆర్, ఇన్సూరెన్స్ వాళ్లకి వెంటనే కబురు, క్లెయిమ్‌లో రెండు తాళాలూ అడుగుతారు కాబట్టి స్పేర్ కీ బండిలోనే డబ్బాలో పడేసే అలవాటు ఉంటే ఇవాళే తీసి ఇంట్లో పెట్టండి.